గోదావరి మట్టి వెంట: పాపికొండల నుంచి ఉప్పాడ దాకా

మాది నిజామాబాద్ జిల్లా. మంజీర వచ్చి గోదావరిలో కలిసే కందకుర్తి మాకు దగ్గర. వానాకాలంలో అక్కడ రెండు నదులూ మట్టిరంగులో చిక్కగా పారతాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్న ఆ మట్టి చివరికి ఏ చోటికి చేరుతుందో కళ్లారా చూడాలని ఎప్పటి నుంచో కోరిక.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. పుస్తకంలో శిలావరణం ఒక పాఠం, జలావరణం ఇంకో పాఠం, వాతావరణం మూడో పాఠం. పరీక్ష కోసం అలా విడగొట్టక తప్పదు. అయితే ఈ మూడూ ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో పిల్లలకు ఒకే చోట చూపించాలంటే గోదావరి డెల్టాను మించిన చోటు మనకు లేదు. రాయి అరిగి మట్టి అవుతుంది. ఆ మట్టిని నీళ్లు మోసుకుపోతాయి. ఆ నీళ్లను గాలి మళ్లీ వెనక్కి తెస్తుంది.

మా అక్కను తాటిపాకలో ఇచ్చాం. బావకు కొబ్బరి తోట ఉంది. "కార్తీకంలో రా బావా, పాపికొండలు చూద్దువుగాని" అని ఏటా పిలుస్తాడు. ఈసారి కొండల దగ్గర ఆగకుండా సముద్రం దాకా వెళ్దామన్నాను. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. పడిపోయిన చెట్ల పని ఒక కొలిక్కి వచ్చాక, నవంబరులో బావ కారు తీశాడు.

శనివారం: పాపికొండలు

చీకటితోనే రాజమండ్రి నుంచి బయల్దేరి గండిపోచమ్మ గుడి రేవుకు చేరాం. గుడి కనిపించింది గానీ నది కనిపించలేదు. నీటి మీద మనిషెత్తున పొగమంచు పరుచుకుని ఉంది. దూరంగా ఆగి ఉన్న లాంచీ పైకప్పు ఒక్కటే తేలుతున్నట్టు కనిపించింది.

రాత్రంతా కొండవాలు చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు మీదుగా నది మీదకు జారుతుంది. నీళ్లు అంత త్వరగా చల్లబడవు, పగటి వెచ్చదనం ఇంకా ఉంటుంది. వాటి నుంచి లేచిన ఆవిరి ఆ చల్లగాలి తగిలి సన్నటి తుంపరగా మారుతుంది. కొండ లేకపోయినా, నది లేకపోయినా, ఆకాశం తేటగా ఉండి గాలి నిలకడగా లేకపోయినా ఈ మంచు ఇంత దట్టంగా పట్టదు. ఎనిమిది దాటాక ఎండ కొండ నెత్తి మీద నుంచి దిగడం మొదలైంది. ఎండ ఎంతవరకు దిగితే మంచు అంతవరకు విడిపోయింది. లాంచీ కదిలే సరికి అవతలి ఒడ్డు మీద వెదురు కూడా తేటగా కనిపిస్తోంది.

లైఫ్ జాకెట్ వేసుకోనిదే సరంగు ఎవర్నీ కూర్చోనివ్వలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి ఎంతోమంది చనిపోయారు. ఆ మలుపు దగ్గర సరంగు ఇంజను తగ్గించి చెప్పాడు: "వరదప్పుడు ఇక్కడ సుడి తిరుగుద్దండి. పైకి నున్నగానే కనపడుద్ది. అడుగున లాగేస్తదండి." రాజమండ్రి దగ్గర రెండున్నర కిలోమీటర్లకు పైగా వెడల్పుండే నది ఇక్కడ కొన్ని వందల మీటర్ల సందులోంచి దూరాలి. పైనుంచి వచ్చే నీళ్లు తగ్గవు. కాబట్టి లోతూ వేగమూ పెరుగుతాయి, ఆ వేగానికి నీళ్లు అడుగును, ఒడ్డును తొలుస్తాయి.

తొలవడానికి ఇక్కడున్నది మామూలు రాయి కాదు. తూర్పు కనుమల్లోని ఖొండలైట్, చార్నొకైట్ శిలలు భూమి లోపల విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో తయారై దాదాపు వంద కోట్ల ఏళ్లు అయింది. పేరంటపల్లి దగ్గర దిగినప్పుడు గుడి మెట్ల పక్కన వాగులోంచి ఒక రాయి ఏరాను. తుప్పు రంగులో ఉంది. గోరుతో గీరితే పైపొర పొడిపొడిగా రాలింది. తడిపి ఎండకు తిప్పితే లోపల దానిమ్మ రంగు గింజలు మెరిశాయి. అవి గార్నెట్లు. చుట్టూ ఉన్న రాయి వానకూ గాలికీ మెత్తబడి మట్టైపోతుంది. ఈ గింజలు మాత్రం అంత సులువుగా అరగవు. నదితో పాటు సముద్రం దాకా వెళ్తాయి. ఎక్కడ కనిపిస్తాయో చూద్దామని రాయి జేబులో వేసుకున్నాను.

కొండల మీద అడవి ఇంకా బాగానే ఉంది. అడవి ఉన్న వాలు మీద వాన నెమ్మదిగా లోపలికి ఇంకుతుంది, వేళ్లు మట్టిని పట్టుకుంటాయి. ఇంకిన నీటిలో కొంత వాగుల్లోకి ఊరితే, ఇంకొంత ఆకుల గుండా ఆవిరై మళ్లీ పైకి పోతుంది. ఆ తేమ తిరిగి ఎక్కడో వానగా పడుతుంది. సముద్రం నుంచి వచ్చిన మేఘం ఒక్కసారి కురిసి ఆగిపోకుండా లోపలి జిల్లాల దాకా తేమ అందడంలో అడవుల వాటా కూడా ఉంది.

తిరుగు ప్రయాణంలో ఖాళీ అయిన ఊళ్లు చూశాం. కప్పుల్లేని గోడలు, నీళ్ల అంచున కొబ్బరి చెట్లు. దిగువన పోలవరం జలాశయం పూర్తిమట్టం 45.72 మీటర్లు. నీళ్లు నిలిస్తే ఊళ్లు మునుగుతాయన్న సంగతి అందరం మాట్లాడతాం, మాట్లాడాలి కూడా. దాంతో పాటు ఇంకొకటి జరుగుతుంది: నీళ్లు నిలిచిన చోట వేగం పోతుంది, వేగం పోయిన చోట మట్టి అడుగుకు దిగుతుంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఆదివారం: గౌరీపట్నం, ధవళేశ్వరం

ఈ రోజు కోసమే నేను ఎక్కువగా ఎదురుచూశాను. రాజమండ్రి నుంచి వంతెన దాటి కొవ్వూరు, అక్కడి నుంచి దేవరపల్లి రోడ్డు. పంగిడి, గౌరీపట్నం దగ్గరపడేసరికి చెట్ల ఆకులన్నీ క్రషర్ల దుమ్ముతో బూడిదరంగులో ఉన్నాయి. ఒక పాత క్వారీ దగ్గర మేస్త్రీని అడిగి, ఆయన వెంట అంచు దాకా వెళ్లాం.

గోడలా నిలువునా కోసిన రాయి. కింద నల్లరాయి, పైన నల్లరాయి, మధ్యలో పాలిపోయిన పొర ఒకటి. బావ "రెండు నల్లరాళ్ల మధ్య సున్నపురాయి ఎలా వచ్చింది బావా?" అన్నాడు. చూడ్డానికి వచ్చింది అదే.

ఆ నల్లరాయి బసాల్ట్, అంటే గడ్డకట్టిన లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు భూమి చీలి, లావా పొంగి దక్కన్ పీఠభూమిలో చాలా భాగం మీద పరుచుకుంది. అందులో కొంత అప్పటి నదీ లోయ పల్లం పట్టుకుని దాదాపు వెయ్యి కిలోమీటర్లు నడిచి ఇక్కడి దాకా వచ్చింది. భూమ్మీద ఇప్పటిదాకా తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇవీ ఉన్నాయి. ఇప్పటి గోదావరి కంటే ఎంతో ముందే, గోదావరి దారిలోనే నిప్పు పారిందన్నమాట. ఒక విడత లావా చల్లారాక చాలాకాలం ఇక్కడ లోతులేని సముద్రపు నీళ్లు, ఉప్పుటేరులు ఉన్నాయి. వాటిలో బతికిన జీవుల గుల్లలు పేరుకుని సున్నపురాయి అయ్యాయి. తర్వాత ఇంకో విడత లావా వచ్చి వాటిని కప్పేసింది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం ఈ రాజమండ్రి చుట్టుపక్కల క్వారీల్లోని పొరల్నే పరిశీలించి, లావా ప్రధాన విడతకూ డైనోసార్లు అంతరించిన కాలానికీ ఉన్న దగ్గరితనాన్ని 2008లో ప్రకటించింది.

మేస్త్రీ ఆ పొర నుంచి రాలిన పెళ్లను తెచ్చి నా చేతిలో పెట్టాడు. గరుకుగా, బరువుగా ఉంది. అంచున గుల్ల ముక్కల ఒంపులు తేటగా ఉన్నాయి. ఒకదాని మీద గీతలు కూడా చెరగలేదు. బావ వేలితో తడిమి "ఇది మా కాలువలో దొరికేదే" అన్నాడు.

ఆ గుల్లలో ఉన్నది ఒకప్పటి గాలి కూడా. వాన చినుకు పడేటప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొంత కలుపుకుంటుంది. ఆ కొద్దిపాటి పులుపు చాలు, రాయి నెమ్మదిగా కరగడానికి. బసాల్ట్ మరీ తొందరగా కరుగుతుంది. కరిగిన కాల్షియం, బైకార్బొనేట్ రూపంలోకి మారిన ఆ కార్బన్ రెండూ నదిలో పడి సముద్రానికి చేరతాయి. అక్కడ నత్తలు, ఆల్చిప్పలు ఆ రెంటినీ తీసుకుని గుల్ల కట్టుకుంటాయి. జీవి చచ్చాక గుల్ల అడుగున పేరుకుంటుంది. అలా గాలిలోని కార్బన్ రాయిలో బందీ అవుతుంది. అగ్నిపర్వతాలు దాన్ని మళ్లీ గాలిలోకి వదులుతాయి. ఈ చక్రం లక్షల ఏళ్ల మీద తిరుగుతూ భూమి మరీ మండిపోకుండా, మరీ గడ్డకట్టకుండా కాపాడుతోంది. క్వారీ గోడలో అగ్నిపర్వతం పొర, గుల్లల పొర, మళ్లీ అగ్నిపర్వతం పొర. ఈ పాఠానికి ఇంతకంటే మంచి బొమ్మ నేను చూడలేదు. మన సింగరేణి బొగ్గు కూడా ఇదే గోదావరి లోయలో పాతికకోట్ల ఏళ్ల కిందటి చెట్లు గాలి నుంచి తీసుకున్న కార్బనే. దాన్ని ఒక్క శతాబ్దంలో తవ్వి కాలుస్తున్నాం. రాళ్లు కరిగి దాన్ని వెనక్కి తీసుకోవాలంటే అంత తొందరగా అయ్యే పని కాదు.

మధ్యాహ్నం భోజనం కొవ్వూరులో. సాయంత్రానికి ధవళేశ్వరం.

ఆర్థర్ కాటన్ ఇక్కడ ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు. అంతకు ముందు 1830ల్లో ఈ జిల్లా కరువుతో అల్లాడింది, 1839లో ఉప్పెన ముంచింది. నది నిండా నీళ్లు పారుతుండగా పక్కన జనం ఆకలితో చనిపోయిన చోటు ఇది. ఇప్పుడున్నది 175 గేట్ల కొత్త బ్యారేజీ. దీని మీద ఆధారపడి పది లక్షల ఎకరాల దాకా పండుతుంది. గోదావరి జిల్లాల్లో కాటన్ దొర విగ్రహాలకు దండలు వేస్తారంటే ఊరికే కాదు.

గట్టు మీద నీటిమట్టం గీతలు చూస్తూ నిలబడ్డాం. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో ఇక్కడ 35 లక్షల క్యూసెక్కులు పారింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. ఆ నీళ్లలో ఎక్కువభాగం మా నిజామాబాద్ మీదుగా వచ్చేవి కావు. మహారాష్ట్ర నుంచి ప్రాణహిత, ఛత్తీస్‌గఢ్ నుంచి ఇంద్రావతి, ఒడిశా వైపు నుంచి శబరి తెస్తాయి. బంగాళాఖాతం ఉత్తరాన అల్పపీడనం పుట్టి, వాయవ్యంగా ఒడిశా, ఛత్తీస్‌గఢ్, విదర్భ మీదుగా కదిలిందంటే దాని కింద ఉన్నదంతా గోదావరి పరీవాహకమే. అందుకే ఇక్కడివాళ్లు వరద వస్తుందా అని తెలుసుకోవడానికి ఆకాశం వైపు చూడరు. భద్రాచలం మట్టం ఎంత అని అడుగుతారు. 43, 48, 53 అడుగులు అక్కడి మూడు హెచ్చరికలు. 2022లో అక్కడ 71 అడుగులు దాటింది.

క్యూసెక్కులు, టీఎంసీలు, అడుగులు: నీటి లెక్క గంటగంటకూ చెప్పే ఏర్పాటు మనకు ఉంది, గర్వపడాల్సిన విషయం. మట్టి లెక్క మాత్రం ఎవరి నోటా వినపడదు. 1970ల్లో గోదావరి ఏడాదికి సగటున 14 కోట్ల టన్నులకు పైగా ఒండ్రు తెచ్చేది. 1990ల్లో అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని డెల్టాను అధ్యయనం చేసిన పరిశోధకులు 2004లోనే రాశారు. మిగతాది పైనున్న జలాశయాల అడుగున ఉంది. అందులో మా శ్రీరామ్‌సాగర్ కూడా ఒకటి. దాని పూడిక గురించి మా వైపు రైతులు బాధపడటం చిన్నప్పటి నుంచి విన్నాను. అక్కడ ఎక్కువైందని ఏడ్చే మట్టే ఇక్కడ కరువైందని ఈ గట్టు మీద నిలబడ్డాకే మనసుకు పట్టింది.

సోమవారం: కోనసీమ, అంతర్వేది

ధవళేశ్వరం దాటాక నది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. వాటి మధ్య పరుచుకున్న మట్టే కోనసీమ. రావులపాలెం దాటగానే అరటి, కొబ్బరి, కాలువ, మళ్లీ కొబ్బరి. ఇక్కడ సహజంగా పుట్టిన రాయి వెతికినా కనపడదు. తవ్వినంత లోతూ ఒండ్రే. మరాఠ్వాడా నల్లరేగడి, మన తెలంగాణ ఎర్రమట్టి, బస్తర్ కొండల మట్టి, అన్నీ కలిసి ఈ నేల అయ్యాయి.

మొంథా దెబ్బ ఇంకా తెలుస్తోంది. కోతకొచ్చిన వరి నేలకొరిగిన చోట కంకుల మీదే మొలకలు వచ్చాయి. బావ ఊళ్లో వాళ్లు ఏ తుపాను గురించి మాట్లాడినా 1996తోనే పోలుస్తారు. ఆ ఏడాది నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమను చీల్చేసింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు, సముద్రం మీదికి వెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. లక్షల కొబ్బరి చెట్లు పడిపోయాయి. అక్క ఇంట్లో మధ్యాహ్నం చింతకాయ పప్పు, వంకాయ కూర, గడ్డపెరుగు. పులస గురించి అడగకూడదని తెలిసీ అడిగాను. "అది శ్రావణంలో వచ్చే చేప కదరా, ఇప్పుడెక్కడిది" అంది అక్క. సముద్రంలో తిరిగే ఆ చేప ఎర్రనీటి వాసన తగిలాకే గుడ్లు పెట్టడానికి నదికి ఎదురెక్కుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలనే మాట వెనక కూడా ఈ కొండమట్టే ఉంది.

తాటిపాక నుంచి మలికిపురం మీదుగా అంతర్వేది. దారిలో శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఆగాం. కాలువకు రెండు పక్కలా కొబ్బరి చెట్లు తలలు లేకుండా మోడులై నిలబడి ఉన్నాయి. ఒక తోటలో కాలువకు దూరంగా ఉన్న వరసలు పచ్చగా, కాలువ వైపు వరసలు ఎండిపోయి కనిపించాయి. వాన నీళ్లు సముద్రంలోకి పోవడానికి తవ్విన కాలువ ఇది. పోటు సమయంలో సముద్రం నీళ్లే దీంట్లోంచి లోపలికి వస్తున్నాయి. కొబ్బరి కాస్త ఉప్పును తట్టుకుంటుంది గానీ వేళ్ల దగ్గర ఉప్పునీళ్లు రోజుల తరబడి నిలిస్తే తట్టుకోలేదు.

కారణం ఒక్కటి కాదు. వెచ్చబడిన సముద్రం వ్యాకోచించడం వల్లా, మంచు కరగడం వల్లా ప్రపంచమంతటా నీటిమట్టం ఏటా 3 నుంచి 4 మిల్లీమీటర్లు పెరుగుతోంది. అదే సమయంలో డెల్టా నేల తన బరువుకు తానే నొక్కుకుంటూ కుంగుతుంది. వరద ఏటా కొత్త ఒండ్రు వేస్తేనే ఆ కుంగుబాటు పూడుతుంది. ఇప్పుడు గట్లు వరదను పొలంలోకి రానివ్వవు, వచ్చే వరదలో పాతంత ఒండ్రూ లేదు. పైగా తీరం వెంట ఆక్వా చెరువులు. చెరువు వేసినవాడి పక్క చేను చౌడు తేలుతుందని బావ చాలా బాధతో చెప్పాడు. వేసినవాడు కూడా పక్కింటి రైతే.

అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం చేసుకుని అన్నాచెల్లెళ్ల గట్టుకు నడిచాం. వశిష్ఠ సముద్రంలో కలిసే చోట ఒక సన్నటి ఇసుకతిన్నె. ఒక పక్క నది, ఒక పక్క సముద్రం. ఇసుకలో వంగి చూస్తే అలల గీతల వెంట ఎర్రగా, నల్లగా చారలు. అరచేతిలోకి తీసుకున్నాను. పేరంటపల్లి రాయిలో చూసిన దానిమ్మ రంగు గింజలు, ఇసుక రేణువంత చిన్నవి. జేబులోని రాయి తీసి పక్కన పెట్టి బావకు చూపించాను. చాలాసేపు ఇద్దరం కూర్చుని ఏరుతూ ఉండిపోయాం.

గాలి, నీరు కలిసి చేసే అసలు పని ఈ మొగ దగ్గర మొదలవుతుంది. గోదావరి మంచి వానల ఏడాదిలో 3 వేల టీఎంసీలకు పైగా నీళ్లు సముద్రంలో పోస్తుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, కృష్ణ కూడా ఈ బంగాళాఖాతంలోకే. మంచినీళ్లు ఉప్పునీళ్ల కంటే తేలిక కాబట్టి పాల మీద మీగడలా పైనే పరుచుకుంటాయి. మహాసముద్రాల్లో సగటున లీటరుకు 35 గ్రాముల ఉప్పుంటే, వానాకాలం తర్వాత ఉత్తర బంగాళాఖాతం పైపొరలో 30 కంటే తక్కువ ఉంటుంది. ఈ పైపొర కింది చల్లటి నీళ్లతో తొందరగా కలవదు. ఎండ వేడంతా పైనే నిలుస్తుంది. 28 డిగ్రీలు దాటిన ఆ వేడి నీటి నుంచి ఆవిరి ఆగకుండా లేస్తుంది, అల్పపీడనాలకు అదే తిండి. అవి వాయవ్యంగా కదిలి ఇంద్రావతి మీద, ప్రాణహిత మీద కురుస్తాయి. ఆ నీళ్లు మళ్లీ ధవళేశ్వరం గేట్ల గుండా ఇక్కడికే వస్తాయి. సముద్రంలో కలిసిన గోదావరి వృథా అయిందని మనం తరచూ వింటుంటాం. ఆ మాటను నేను ఒప్పుకోలేను. మొగ దాటిన నీళ్లకు కూడా పని ఉంది, వచ్చే ఏడాది వానలో వాటి పాత్ర ఉంది.

మంగళవారం: కోరంగి

అమలాపురం, ఎదుర్లంక, యానాం మీదుగా కోరంగి. అభయారణ్యం 1978లో ప్రకటించారు, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. చెక్కల బాట మీద నడుస్తుంటే రెండు పక్కలా తెల్ల మడ, నల్ల మడ, తిల్ల, పొన్న. పాటు సమయం కాబట్టి బురద బయటపడి ఉంది. దాని నిండా పెన్సిళ్లు గుచ్చిపెట్టినట్టు ఊపిరి వేళ్లు. ఆ నల్లటి బురదలో గాలి ఆడదు, అందుకని చెట్టు వేళ్లను పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది.

గైడు ఒక మడ ఆకు తుంచి తిరగేసి చూపించాడు. అడుగుభాగాన సన్నటి తెల్లటి పొడి. నాలుకకు తాకించాను, ఉప్పు. వేళ్లు కొంత ఉప్పును రానివ్వకుండా ఆపుతాయి, వచ్చిన కాస్తను ఆకు ఇలా బయటికి నెట్టేస్తుంది. పొన్నకాయ ఇంకో తమాషా. గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, మునక్కాడలా వేలాడి, రాలి బురదలో దిగబడుతుంది, లేదా పోటు నీటి మీద తేలుతూ ఇంకో చోట నాటుకుంటుంది.

ఆ వేళ్ల మధ్య నీళ్లు నెమ్మదిస్తాయి. నెమ్మదించిన నీళ్లు ఒండ్రును వదులుతాయి. ఒండ్రు పడితే నేల పెరుగుతుంది, దాని మీద ఇంకో మొలక. నేలను చెట్టు కట్టుకుంటుంది, చెట్టును నేల మోస్తుంది. ఆకులు రాలి గాలి తగలని బురదలో కూరుకుపోవడంతో పూర్తిగా కుళ్లవు. గాలి నుంచి తీసుకున్న కార్బన్ అలా శతాబ్దాల పాటు మట్టిలో ఉండిపోతుంది. అందుకే మడ అడవిని నరికి చెరువు తవ్వితే నష్టం చెట్లతో ఆగదు, కింద దాగిన కార్బన్ కూడా గాలిలోకి లేస్తుంది.

కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరు 25న ఇంకోసారి ఉప్పెన దీన్ని ముంచింది. రెండో దెబ్బ తర్వాత రేవు మళ్లీ మునుపటిలా లేవలేదు. తుపాను గాలి సముద్రాన్ని తీరం మీదికి తోస్తుంది. తీరం దగ్గర లోతు తక్కువైతే ఆ నీటికి పోవడానికి దారి ఉండదు, పైకి లేస్తుంది. నదీ మొగలు దానికి దారి చూపుతాయి. అడ్డుగా మడ అడవి ఉంటే కెరటం జోరు తగ్గుతుంది, గాలివేగమూ తగ్గుతుంది.

చెడిపోయిన చోట అడవిని తిరిగి నిలబెట్టిన ఉదాహరణ కూడా ఇక్కడుంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ కలిసి చేప ముల్లు ఆకారంలో చిన్న కాలువలు తవ్వించాయి. పోటు నీళ్లు లోపలి దాకా వెళ్లి వస్తుండటంతో పేరుకున్న ఉప్పు కడుక్కుపోయి, నాటిన మొక్కలు బతికాయి. నీళ్లకు దారి ఇచ్చాక మిగతా పని అడవే చేసుకుంది.

పోటు ఎక్కాక పడవలో కాకినాడ అఖాతం వైపు వెళ్లాం. దూరంగా హోప్ ఐలాండ్ సన్నటి గీతలా కనిపించింది. గత రెండు శతాబ్దాల్లో గోదావరి తెచ్చిన ఇసుకతో పెరిగిన తిన్నె అది. నైరుతి గాలుల కెరటాలు తీరం వెంట ఇసుకను ఉత్తరానికి నెడుతుంటాయి కాబట్టి తిన్నె కూడా ఉత్తరానికే సాగింది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు అక్కడ గుడ్లు పెడతాయి. కాకినాడ రేవుకు అదే కోటగోడ. నది మట్టి తెచ్చింది, గాలి దాన్ని ఆ ఆకారంలో పేర్చింది.

బుధవారం: ఉప్పాడ

కాకినాడ నుంచి ఉప్పాడ బీచ్ రోడ్డు కొంతదూరం బాగుంది, తర్వాత సగం సముద్రంలో ఉంది. పెద్ద బండరాళ్లు పోశారు. వాటి మీద పడి కెరటం రోడ్డు మీదికి చిమ్ముతోంది. ఇసుక నింపి వేసిన జియో ట్యూబ్ రక్షణ గోడ కూడా దెబ్బతింది. జామ్దానీ చీరలతో పేరొచ్చిన ఊరికి ఇది రెండో గుర్తింపు అయిపోయింది.

వల బాగుచేస్తున్న ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాం. "ఈ ముందు ఇంకా వీధులుండేవి బాబూ. గుడి ఉండేది. తుపాను వచ్చిన మర్నాడు పిల్లలు ఇసుకలో బంగారు రేకులు ఏరుకుంటారు, అవి మా పాత ఇళ్లవే అంటారు" అన్నాడు. ఇసుక ఎటు పోతుందని అడిగితే చేత్తో ఉత్తరం చూపించాడు. "దక్షిణం గాలికి అటు పోద్ది. ఉత్తరం గాలికి కొంత తిరిగొచ్చేది. ఇప్పుడు పోయేదే గానీ వచ్చేది లేదు."

ఆయన చెప్పినదాన్నే పరిశోధకులు ఇంకో భాషలో రాశారు. హోప్ ఐలాండ్ తిన్నె పొడవు పెరిగేకొద్దీ కెరటాలు దాన్ని చుట్టి వంగి ఉప్పాడ మీద జోరు చూపిస్తున్నాయి. తిన్నె చాటున అఖాతం ప్రశాంతంగా ఉంటుంది, తిన్నె దాటగానే దెబ్బ. దక్షిణం నుంచి రావాల్సిన ఇసుక తిన్నె దగ్గర, రేవు కట్టడాల దగ్గర ఆగుతోంది. అసలు నది తెచ్చే ఇసుకే తగ్గింది. బండరాయి వేసిన చోట తీరం నిలుస్తుంది గానీ, ఇసుక అందని కెరటం ఆ రాళ్లు అయిపోయిన చోట నుంచి కొత్తగా కోస్తుంది. అందుకే గోడ పొడిగించాల్సిన అవసరం ఎప్పటికప్పుడు ముందుకు జరుగుతోంది.

జలాశయాల నుంచి వరద తొలిరోజుల్లో ఒండ్రుతో నిండిన నీటిని అడుగు తూముల గుండా వదలడం ప్రపంచంలో చాలాచోట్ల చేస్తున్న పనే. పోలవరం నడిపే నియమాలు రాసేటప్పుడు విద్యుత్తు, సాగునీరు, తాగునీరుతో పాటు ఉప్పాడకు చేరాల్సిన ఇసుక కూడా ఒక పద్దుగా ఉండాలి. పెద్దాయన్ను ఇంకేం కావాలని అడిగాను. చేపలు అమ్ముకోవడానికి పడవ లాగే ఇసుక కాస్త మిగిలితే చాలన్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. పాపికొండల లాంచీలు వరద రోజుల్లో ఆపేస్తారు, ముందే కనుక్కోండి. కోరంగిలో చెక్కల బాట మీద ఊపిరి వేళ్లు చూడాలంటే పాటు వేళ, పడవ ఎక్కాలంటే పోటు వేళ వెళ్లాలి. నేను మాత్రం ఆగస్టులో యానాం రావాలనుకుంటున్నాను, ఎర్రనీళ్లు సముద్రంలోకి ఎంతదూరం చొచ్చుకుపోతాయో చూడాలి. బావ పడవ మాట్లాడి పెడతానన్నాడు.